పెరటి మూలకా, ఇంటి దగ్గరకా: ఏడీయూ ఎక్కడ కడితే మేలు?

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు ఉండే మిత్రులు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: "పెరట్లో ఏడీయూ కట్టాలనుకుంటున్నాం, వెనక మూలకు జరపమంటారా, ఇంటికి దగ్గరగా ఉంచమంటారా?" ఏడీయూ అంటే ఉన్న ఇంటి స్థలంలోనే కట్టుకునే మరో చిన్న ఇల్లు. మేము అమ్మానాన్నల కోసం అలా 600 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఆరు నెలలైంది. మొదట మేమూ మూలకే ముగ్గు పోశాం. చివరికి ఇంటికి పన్నెండు అడుగుల ఎడంలో కట్టాం.

మూల వైపు మనసు పోవడం సహజం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పక్క కంచె నుంచి, వెనక కంచె నుంచి 4 అడుగులు వదిలితే చాలు. మధ్యలో పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక మిగులుతుంది. రెండు ఇళ్ల కిటికీలు ఎదురెదురుగా పడవు. రేపు అద్దెకిచ్చినా ఎవరి బతుకు వారిదిగా ఉంటుంది. కాగితం మీద చూస్తే మూలదే పైచేయి. అయితే ఇవన్నీ నేల మీద కనిపించే లెక్కలు. నా దృష్టిలో అసలు తీర్పు చెప్పేది నేల కింద ఉండే మురుగు గొట్టం వాటం, అంటే దాని వాలు.

గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు కావాలి. మా మూల నుంచి ఇంటి పాత మురుగు గొట్టంతో కలిసే చోటు 80 అడుగులు. అంటే 20 అంగుళాల దిగుడు. మూల దగ్గర గొట్టం అడుగున్నర లోతున మొదలవ్వాలి. పైగా మా పెరడు వెనక్కి ఆరు అంగుళాలు వాలి ఉంది. అన్నీ కూడితే కలిసే చోట 44 అంగుళాల లోతు. కెమెరా పంపి చూస్తే మా పాత గొట్టం ఉన్నది 32 అంగుళాల దగ్గరే! నగరం ఒప్పుకుంటే 4 అంగుళాల గొట్టానికి సగం వాలుతో సరిపెట్టవచ్చు. అలా లెక్కించినా 34 వచ్చింది, రెండు అంగుళాలు చాలలేదు.

ఇక మిగిలింది మురుగును పైకి తోసే పంపు. దాన్ని చాలామంది పెట్టుకుంటారు, అది చెడ్డదని నేను అనను. కానీ కరెంటు పోతే పంపు ఆగుతుంది. డెబ్బై దాటిన తల్లిదండ్రులు చీకట్లో మరుగుదొడ్డి వాడుకోవచ్చో లేదో అని ఆలోచించే పరిస్థితి నాకు ఇష్టం లేదు. ఇంటి దగ్గరికి జరిపితే దూరం 30 అడుగులకు తగ్గింది, ఏడున్నర అంగుళాల దిగుడుతో నీరు దాని దారిన అది పోతుంది. నా నిర్ణయం అక్కడే ఖాయమైంది.

అందుకే నక్షా గీయించక ముందే గొట్టంలోకి కెమెరా పంపించి లోతు కొలిపించండి. తవ్వే ముందు నేల కింది లైన్లు గుర్తు పెట్టించుకునే నంబరు 811. దానికి ఫోన్ చేస్తే ఆయా కంపెనీల వాళ్లు ఉచితంగా వచ్చి గ్యాసుకు పసుపు, కరెంటుకు ఎరుపు, నీటికి నీలం గుర్తులు వేస్తారు. తవ్వడానికి కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. మీరు తవ్వే చోటును ముందుగా తెల్ల రంగుతో గుర్తించాలి. వాళ్లు చూపేది కంపెనీల లైన్లను మాత్రమే. మీ ఆవరణలోని సొంత మురుగు గొట్టం ఎక్కడుందో మీరే వెతికించుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

తవ్వకం తగ్గితే మిగతా పనులూ తేలికవుతాయి. నీటి గొట్టం, కరెంటు తీగ కూడా ఆ పొడవే సాగాలి కదా. బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న మా ప్రాంతంలో) చాలా చోట్ల నేల మన నల్లరేగడికి తోబుట్టువు: వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. అలాంటి నేలలో పొడవాటి కాలువ తవ్వి సరిగా దిమ్మిస కొట్టకపోతే గొట్టం కుంగి వాటం చెడుతుంది. మా ఇంటి పక్క సందు మూడడుగులే. యంత్రం పట్టక మట్టినంతా తోపుడు బండ్లతో మోయించాం. 80 అడుగుల కాలువ అయితే ఆ మోత ఎంతయ్యేదో. మూలలో ఓ పెద్ద ఓక్ చెట్టు కూడా ఉంది, దాని వేళ్ల జోలికి పోకుండా బయటపడ్డాం. కంచెకు 4 అడుగుల్లో కడితే ఆ వైపు గోడను గంటసేపు మంటకు తట్టుకునేలా కట్టాలి, అదొక అదనపు ఖర్చు.

పోగొట్టుకున్నదీ ఉంది. మా వంటగదికి ఉదయపు ఎండ తగ్గింది. పచ్చిక రెండు ముక్కలైంది. వెనక ముక్కలో అమ్మ గోంగూర, బెండ వేసింది.

ఇంటికి ఆనించి కట్టడం గురించి కూడా అడుగుతారు. పాత పైకప్పును కదిలించాలి, చప్పుళ్లు అటూ ఇటూ వినిపిస్తాయి. స్థలం మరీ ఇరుకైతే తప్ప నేను అటు చూడను. గరాజ్‌ను ఇల్లుగా మారిస్తే పెరడు జోలికే పోనక్కర్లేదు, పోయిన పార్కింగుకు బదులు చూపమని నగరం అడగకూడదు కూడా. డబ్బు తక్కువగా ఉంటే అదే దారి.

మూలే సరైన చోటయ్యే సందర్భం ఒకటుంది. కొన్ని పాత కాలనీల్లో నగరపు మురుగు లైను వీధిలో కాక ఇళ్ల వెనక కంచె వెంబడి పోతుంది. మీది అలాంటి స్థలమైతే నా లెక్కంతా తిరగబడుతుంది, మూలకే కట్టండి. అయితే ఆ లైను మీద, దానికోసం వదిలిన పట్టీ మీద కట్టనివ్వరు. ఆ పట్టీ ఎన్ని అడుగులో మీ ఇంటి దస్తావేజుల్లో ముందే చూసుకోండి.