స్టాట్3ను అణచే లెంటివైరస్ కిట్: మైలోమా కణాలపై మా అనుభవం

ఎముక మజ్జలో పుట్టే మల్టిపుల్ మైలోమా క్యాన్సర్‌పై పరిశోధన కోసం, స్టాట్3 జన్యువును అణచే షార్ట్ హెయిర్‌పిన్ ఆర్‌ఎన్‌ఏను (ఒక జన్యువు నుంచి ప్రోటీన్ తయారవకుండా ఆపే, హెయిర్‌పిన్‌లా మడిచిన చిన్న ఆర్‌ఎన్‌ఏ) మోసుకెళ్లే లెంటివైరస్ (కణాల్లోకి జన్యువులను చేరవేసే వైరస్) కిట్‌ను ఒక కంపెనీ నుంచి తెప్పించాము. ద్రవంలో తేలుతూ పెరిగే ఈ కణాల్లోకి కొవ్వు ఆధారిత ద్రావణాలతో ఆర్‌ఎన్‌ఏను పంపడం చాలా కష్టం కాబట్టి వైరస్ మార్గమే మేలు. యు266 అనే మైలోమా కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్‌ను తామే తయారుచేసుకొని, దానితోనే జాక్-స్టాట్3 సంకేత మార్గాన్ని నిరంతరం నడుపుకుంటూ చావును తప్పించుకుంటాయి. అందుకే పరీక్షకు వాటిని ఎంచుకున్నాము. వైరస్ చేరని కణాలను చంపే ప్యూరోమైసిన్ మందుతో, వైరస్ చేరిన కణాలను మాత్రమే మిగిల్చాక, ప్రోటీన్లను పట్టీలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో స్టాట్3 పట్టీ దాదాపు కనుమరుగైంది, కణాన్ని బతికించే బీసీఎల్-ఎక్స్‌ఎల్ పట్టీ కూడా పలచబడింది, పోలికకు వాడే యాక్టిన్ ప్రోటీన్ పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ బ్లాట్‌ను చూసి ఎంతో సంతోషించాము.

అయితే కిట్‌లో ఒకే లక్ష్యక్రమాన్ని (హెయిర్‌పిన్ గురిపెట్టే జన్యుభాగం) ఇవ్వడం పెద్ద లోపం. ఒక హెయిర్‌పిన్ ఇతర జన్యువులను కూడా అణచే అవకాశం ఉంది కనుక, కనీసం రెండు వేర్వేరు క్రమాలతో అదే ఫలితం వస్తే తప్ప దాన్ని స్టాట్3కు ఆపాదించలేము. రెండోదాన్ని మేము విడిగా కొనవలసి వచ్చింది. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే వైరస్ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి, చిన్న గొట్టాల్లో పంచి పంపితే బాగుండేది. జీవభద్రత రెండో స్థాయి సదుపాయం ఉన్న ప్రయోగశాలలకు దీన్ని సిఫారసు చేస్తాను.