మెంటరింగ్‌కు సిటీ డబ్బు: అందరికీ పంచాలా, కొందరికే నిలకడగా ఇవ్వాలా?

బడి ఎగ్గొడుతూ, చెడు సావాసాల వైపు జారుతున్న పిల్లలకు తోడుగా ఒక పెద్ద మనిషి, అంటే మెంటర్, ఉండాలంటే అమెరికాలో ఏ సిటీ కౌన్సిల్‌లోనూ ఎవరూ కాదనరు. పేచీ అంతా డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గరే. ఏటా చిన్న చిన్న గ్రాంట్లుగా పాతిక ముప్పై సంస్థలకు పంచడం ఒక పద్ధతి. నాలుగైదు సంస్థలను ఎంచుకుని మూడేళ్లో ఐదేళ్లో ఇస్తామని మాటివ్వడం ఇంకోటి.

మొదటిదాన్ని తీసిపారేయలేం. ఏ బాక్సింగ్ జిమ్‌లోనో పిల్లల్ని కూడగట్టే మనిషికి ఆఫీసు ఉండదు, అకౌంటెంట్ ఉండడు. కానీ ఆ వీధి కుర్రాళ్లు వినేది ఆయన మాటే. చిన్న గ్రాంట్లు లేకపోతే అలాంటివాళ్ల దాకా డబ్బు చేరదు.

అయినా నా మొగ్గు రెండోదానికే. పిల్లలకు మెంటర్లను జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ పిల్లలు 959 మందిపై జరిగిన అధ్యయనం 1995లో వచ్చింది. మెంటర్ దొరికినవాళ్లలో కొత్తగా డ్రగ్స్ మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువని తేలింది. మెంటరింగ్‌కు డబ్బు అడిగే ప్రతివాళ్లూ ఈ అంకె చెబుతారు. అదే సమాచారాన్ని 2002లో మళ్లీ విడదీసి చూస్తే బయటపడిన సంగతి మాత్రం తక్కువమందే చెబుతారు. బంధం ఏడాది దాటిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. అంటే మధ్యలో వదిలేస్తే మేలు జరగకపోవడమే కాదు, కీడు కూడా జరగొచ్చు.

నేను వారానికో సాయంత్రం వాలంటీర్‌గా వెళ్లిన చోట అదే చూశాను. జూన్‌తో గ్రాంట్ అయిపోయింది, కోఆర్డినేటర్ ఉద్యోగం పోయింది. మెంటర్లకు ఫోన్ చేసి వాకబు చేసేవాళ్లు, ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లు లేక మెంటర్-పిల్లల జంటలు ఒక్కొక్కటే విడిపోయాయి. సెప్టెంబర్‌లో మళ్లీ మొదలైనప్పుడు పన్నెండేళ్ల కుర్రాడొకడు పక్క కుర్చీలో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పేరు అడిగితే చెప్పలేదు. 'మీరు ఎన్నాళ్లుంటారు?' అని అడిగాడు.

వాలంటీర్లు ఉచితమే కదా, డబ్బెందుకు అనేవాళ్లకు జవాబు ఆ కోఆర్డినేటరే.

జీతమిచ్చి కౌన్సెలర్లను పెట్టే పద్ధతికి షికాగోలో బడి కుర్రాళ్ల కోసం నడిచే బికమింగ్ ఎ మ్యాన్ కార్యక్రమం మంచి ఉదాహరణ. బడి వేళల్లోనే వారానికో గ్రూప్ సెషన్. అందులో ఒక ఆట ఉంది. ఒకడి పిడికిట్లో బంతి ఉంటుంది, 30 సెకన్లలో రెండోవాడు దాన్ని తీసుకోవాలి. ఇద్దరూ కలబడతారు. ఆ తర్వాత కౌన్సెలర్ అడిగేది ఒక్కటే: 'ఇవ్వమని అడగొచ్చు కదా?' కార్యక్రమం నడిచిన కాలంలో అందులో ఉన్న కుర్రాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. ఖర్చు ఎక్కువే, కానీ ఆ పిల్లల విషయంలో పెట్టదగ్గ ఖర్చు.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణ కూడా షికాగోదే. 2012లో అక్కడి వేసవి ఉద్యోగాల పథకం నడిచింది ఎనిమిది వారాలే. అయినా అందులో చేరిన పిల్లల్లో 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. అయితే ఆ పని ఎప్పుడు అయిపోతుందో పిల్లలకు మొదటిరోజే తెలుసు. చెప్పి ముగించడం వేరు, చెప్పకుండా మాయమవడం వేరు.

డబ్బు నిలకడగా ఉంచడం అసాధ్యమేం కాదు. పిల్లల కోసం ఆస్తి పన్నులో కొంత వాటాను శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు 1991లోనే పక్కన పెట్టించారు. అలాంటి నిధిలో ఐదో వంతును ఆ జిమ్ మనిషిలాంటివాళ్లకు కేటాయించి, వాళ్ల లెక్కలు చూసే పని ఒక పెద్ద సంస్థకు అప్పగించవచ్చు. మిగతాది కనీసం మూడేళ్ల ఒప్పందాలకే ఇవ్వాలి. నివేదికలో 'ఎంతమంది చేరారు' అన్న గడి తీసేసి, 'ఎన్ని జంటలు 12 నెలలు దాటాయి' అని అడగాలి.