సాంగ్రియానా, స్ప్రిట్జరా: వేసవి విందుకు ఏది మేలు?

ఎండాకాలంలో ఇంటికి నలుగురు వచ్చినప్పుడు వైన్ సీసా తీసి నేరుగా గ్లాసుల్లో పోస్తే రెండు గుక్కలకే బరువనిపిస్తుంది. మామూలు వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతం దాకా ఉంటుంది. ఆ వేడిలో అది ఎక్కువే. దాన్ని తేలిక చేయడానికి రెండు మంచి పద్ధతులున్నాయి. పండ్ల ముక్కలను వైన్‌లో నానబెట్టే సాంగ్రియా స్పెయిన్, పోర్చుగల్ దేశాలది. వైన్‌లో సోడా కలిపే స్ప్రిట్జర్‌కు ఆస్ట్రియా పెట్టింది పేరు. ఈ రెండింటిలో ఏది చేయాలో తేల్చేది రుచి ఒక్కటే కాదు. వచ్చేవాళ్లు ఎందరు, ఏ వేళకు వస్తున్నారు అన్నవి కూడా చూసుకోవాలి.

సాంగ్రియాకు ఓపిక కావాలి. నారింజ, ఆపిల్, పీచ్ ముక్కలు కోసి, వాటి మీద రెండు చెంచాల చక్కెర చల్లి పావుగంట పక్కన పెట్టండి. చక్కెర పండ్లలోని రసాన్ని బయటికి లాగుతుంది, ఆ రసంలోనే తానూ కరుగుతుంది. ఈ పని ముందే చేయకుండా చల్లటి వైన్‌లో చక్కెర వేస్తే అది కరగకుండా అడుగున పేరుకుంటుంది. ఆ తర్వాత ఎర్ర వైన్ పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎంతసేపన్నది ఆపిల్ ముక్కే చెబుతుంది. నాలుగు గంటలయ్యాక ఒక ముక్కను కోసి చూస్తే అంచులు గులాబీ రంగుకు తిరిగి, నడుమ ఇంకా తెల్లగా ఉంటుంది. కొరికితే కరకరలాడుతుంది. నా లెక్కన అదే సరైన అదను. రాత్రంతా ఉంచితే ముక్కలు మెత్తబడతాయి, నారింజ తొక్క కింది తెల్లటి పొరలోని చేదు జగ్గంతా పాకుతుంది. ముందు రోజే కలిపి పెట్టాలనుకుంటే నారింజను తొక్క తీసి వేయండి. స్ట్రాబెర్రీలను మాత్రం వడ్డించే ముందు కలిపితే చాలు.

వైన్ ఎంపికలో చాలామంది పొరపాటు పడతారు. చల్లబడేకొద్దీ ఎర్ర వైన్‌లోని వగరు నాలుకకు ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచిన ఖరీదైన వైన్ దీనికి పనికిరాదు. వగరు తక్కువగా ఉన్న, ఎక్కువకాలం నిల్వ ఉంచని గార్నాచా, టెంప్రానియో లాంటి ద్రాక్ష రకాల ఎర్ర వైన్లు చాలు.

స్ప్రిట్జర్‌లో ఇంత పని లేదు. పుల్లదనం ఉన్న తెల్ల వైన్ సగం, సోడా సగం, ఒక నిమ్మ చెక్క, రెండు పుదీనా ఆకులు. అయితే వైన్, సోడా రెండూ ముందే బాగా చల్లబడి ఉండాలి. చల్లటి ద్రవంలోనే గ్యాస్ నిలుస్తుంది. వెచ్చటి సోడా పోసి ఐసు ముక్కలు వేస్తే బుస్సున పొంగి చప్పబడుతుంది. దీనిలోని చిక్కల్లా గ్లాసు గ్లాసుకూ అప్పటికప్పుడు కలపాల్సి రావడమే. జగ్గులో కలిపి ఉంచితే కాసేపటికే బుడగలు పోతాయి. పదిమంది వస్తే ఆతిథ్యమిచ్చేవారికి కూర్చునే తీరికే దొరకదు.

ఇక మత్తు సంగతి. 12 శాతం వైన్‌లో సగం సోడా కలిస్తే మిగిలేది 6 శాతం. అదే 750 మిల్లీలీటర్ల సీసాకు పావు లీటరు నారింజ రసం కలిపిన సాంగ్రియా 9 శాతం ఉంటుంది. అలవాటుగా 60 మిల్లీలీటర్ల బ్రాందీ కూడా పోస్తే 11 శాతానికి దగ్గరవుతుంది. అంటే దాదాపు వైనే! తీపి, పండ్ల వాసన ఆ ఘాటును కప్పేస్తాయి కాబట్టి తాగేవారికి తెలియదు. బ్రాందీ మానేయమని గట్టిగా చెబుతాను. అడుగున మిగిలిన పండ్ల ముక్కలు కూడా ఆల్కహాల్ పీల్చుకున్నవే. పిల్లల చేతికి అందనివ్వకండి.

కాబట్టి మధ్యాహ్నం వేళ, నలుగురి లోపు అయితే స్ప్రిట్జరే మేలు. సాయంత్రం వేళ, అంతకంటే ఎక్కువమంది వస్తే బ్రాందీ లేని సాంగ్రియా చేయండి. నానబెట్టే వ్యవధి లేకపోతే స్పెయిన్‌లోనే వేసవిలో విరివిగా తాగే టింటో దె వెరానో ఉంది. ఎర్ర వైన్‌లో నిమ్మ సోడా కలిపితే అదే.

ఏది చేసినా పక్కన మద్యం లేని జగ్గు ఒకటి తప్పక ఉండాలి. బండి నడిపేవారికి ఉత్త నీళ్లు ఇచ్చి సరిపెట్టడం నాకు నచ్చదు. నల్ల ద్రాక్ష రసంలో, పాలు కలపకుండా కాచి చల్లార్చిన టీ మూడో వంతు, కాస్త నిమ్మరసం, నారింజ ముక్కలు వేయండి. టీలోని వగరు వల్ల అది ఉత్త తీపి రసంలా కాకుండా వైన్‌కు దగ్గరి రుచినిస్తుంది. ఐసుకు బదులు గడ్డకట్టించిన ద్రాక్షపళ్లు వేస్తే చివరి గ్లాసు దాకా పలచబడదు.