మెట్లబావి మరమ్మతుకు ఏ సున్నం కొనాలి? నల్గొండ వైపు దొరికే మూడు రకాలు

పాత మెట్లబావినో, గడి గోడనో నిలబెట్టుకోవాలని ఊళ్లల్లో యువకులు చందాలు వేసుకుని పనిలోకి దిగుతున్నారు. మంచి పని. కానీ మొదటి తప్పు సామాను కొనేకాడనే జరుగుతున్నది: సిమెంటు తెస్తున్నారు. సిమెంటు గార గోడలోని తడిని బయటికి రానివ్వదు. ఆ తడి రాయిలోంచి, ఇటుకలోంచి దారి చేసుకుంటుంది. ఉప్పు పేరుకుని అంచులు పొరలుగా ఊడుతాయి. చెడితే గార చెడాలి, రాయి మిగలాలి. సున్నం గారతోనే అది సాధ్యం.

బస్తాల్లో వచ్చే సున్నం పొడి హార్డ్‌వేర్ దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. గోడలకు వెల్ల వేయడానికి సరే, కట్టుబడికి నమ్మలేం. పాతబడిన బస్తాలో సున్నం గాలికి చచ్చిపోయి ఉత్త సుద్దయి ఉంటుంది. చెంచా పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసా పొంగితే వాపసు చేయండి. మా మార్కులు 5కి 2.

బట్టీ నుంచి తెచ్చే రాళ్ల సున్నం ఇంతకన్నా చాలా మేలు. తాజా రాయి నీళ్లలో వేసిన కొద్దిసేపట్లోనే ఉడికి పగలాలి, కదలకపోతే చచ్చిందని అర్థం. నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయొద్దు. ఇనుప డ్రమ్మే వాడండి, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కండ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఉడికిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన రెండు వేళ్ల మందం నీళ్లు నిలిపి కనీసం మూడు వారాలు మాగనివ్వాలి. తొందరపడితే ఉడకని పలుకులు తర్వాత గోడలో ఉబ్బి గారను పెకిలిస్తాయి. 5కి 4, ఓపిక ఉన్నవాళ్లకే.

గానుగ పట్టిన డంగు సున్నం, అంటే ఇసుక కలిపి నూరిన సున్నం గార, తడి ముద్దగానే వస్తుంది. మూడింట్లో మా ఓటు దీనికే. రాతి చక్రం కింద నలిగిన గార తాపీకి వెన్నలా వస్తుంది, సందులోకి నిండుగా దిగుతుంది. ఒక్కటే భయం, తొందరగా గట్టిపడాలని కొందరు సిమెంటు కలుపుతారు. దించుకున్న రోజే ఒక ముద్దను పాలిథిన్ కవరులో గాలి చొరకుండా కట్టి రాత్రంతా ఉంచండి. ఉత్త సున్నమైతే తెల్లారినా మెత్తగానే ఉంటుంది, సిమెంటు కలిస్తే గడ్డ కడుతుంది. 5కి 4.5.

గానుగ వాళ్లకు పాళ్లు మనమే చెప్పి గార నూరించుకోవాలి. తడి తగలని గోడకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన దొడ్డు ఇసుక. తడి తగిలే బావి గోడకు ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ (ఇటుక పొడి), రెండు పాళ్లు ఇసుక. సుర్కీకి తక్కువ మంటలో కాలిన నాటు ఇటుకలు కావాలి. మాడి నల్లబడ్డ ఇటుక పొడి సున్నంతో కలవదు, ఇసుకలా పడి ఉంటుంది.

సందు వెడల్పుకు రెండింతల లోతు గీకి, మట్టి కడిగి, రాయిని తడిపాకే గార పెట్టాలి. పెద్ద సందుల్లో చిన్న రాతి చిప్పలు దూర్చండి. ఒకేసారి దట్టంగా నింపితే పగుళ్లు వస్తాయి. వారం రోజులు తడి గోనె సంచులు కప్పి ఉంచండి. సుతారి మేస్త్రి ఎంత మంచివాడైనా ఇక్కడ అశ్రద్ధ చేస్తే గార పొడై రాలుతుంది.

అన్నిటికీ సున్నం వద్దు. నల్గొండ పక్కనున్న పానగల్లు పాత గుళ్లలా గార లేకుండా రాయి మీద రాయి పేర్చిన కట్టుబడికి అది అక్కర్లేదు, పూస్తే పాడుచేసినట్టే. రాష్ట్ర రక్షిత కట్టడమైతే 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది, వారసత్వ శాఖ అనుమతి లేనిదే తాపీ పట్టొద్దు.

గానుగకు ఆర్డరు సంక్రాంతి దాటాక పెట్టండి. అప్పటికి బావిలో నీళ్లు దిగుతాయి, ఎండ ఇంకా ముదరదు, కప్పిన గోనెలు పొద్దంతా తడిగా ఉంటాయి.