రుచి వంతు: మా ఊరి బడితో అయిదేళ్ళు

మా ఊరి ప్రాథమిక పాఠశాల ఎలా ఉంటుందని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది వంటగది గుమ్మం పక్కన మేకుకి దారంతో వేలాడే పొడుగు పుస్తకం. అట్ట మీద పసుపు మరకలు, అంచుల్లో నూనె వేళ్ళ గుర్తులు. రోజూ పన్నెండు కాకముందే ఒక తల్లి వచ్చి, పిల్లలకి పెట్టబోయే అన్నం, కూర ముందు తను తిని, ఆ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. దాన్ని మేం రుచి వంతు అంటాం. ఈ బడి మీద నాకున్న ఇష్టమంతా ఆ పుస్తకం చుట్టూనే తిరుగుతుంది. ఉన్న ఒకటి రెండు బాధలు కూడా అక్కడివే.

పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు సంగతి రాయను. ఏ సర్కారు బడికి పోయినా ఇచ్చేవే.

కరోనా తర్వాత 2021 ఆగస్టు 16న బళ్ళు తెరిచినప్పుడు మా పాపని ఇక్కడ ఒకటో తరగతిలో వేశాం. ఇష్టపడి వేసింది కాదు. అంతకుముందు ఏడాదంతా ప్రైవేటు బడి వాళ్ళు ఫోన్లో పాఠాలు చెప్పి ఫీజు కట్టమన్నారు. మా ఆయనకి లారీ కిరాయిలు లేవు, నా మిషన్ మీద పెళ్ళి జాకెట్లు లేవు. పసుపు రంగు బస్సు మా సందు మీదుగానే పోతుంటే, పాపని నడిపించుకుంటూ అటు చూడకుండా పోయేదాన్ని.

చేర్చే రోజు పెద్ద మేడం ఆధార్ కార్డు జిరాక్సు పక్కన పెట్టి మొదట అడిగిన మాట, "మీ అమ్మాయి దేనికి భయపడుద్ది?" అని. ఆ తర్వాత, "ఏం తినదు?" అని. కుక్కలకి భయం, వంకాయ తినదు అని చెప్పాను. ఆ రెండూ ఒక కాగితం మీద రాసుకున్నారు. తర్వాత మా నుంచి బడికి ఏం కావాలో ఒక్కొక్కటే చెప్పారు. తొమ్మిదికి ముందే పిల్ల గేటు లోపల ఉండాలి. అమ్మ ఒడి డబ్బులు పడటానికి నూటికి డెబ్భై అయిదు హాజరు చాలేమో కానీ బడికి చాలదు. మిరప కోతల రోజుల్లో చిన్నపిల్లల్ని చూసుకోమని పెద్దపిల్లని ఇంట్లో ఆపకూడదు. నెలకోసారి మీటింగుకి రావాలి. దసరా సెలవులయ్యాక రుచి వంతు ఎవరికి ఏ రోజో చెప్తాను, ఆ రోజు తప్పకూడదు. "ఇది మా బడి కాదమ్మా, మీ బడి" అనే మాట చాలా చోట్ల విన్నాను. చేతికి పని అప్పజెప్పి ఆ మాట అన్నది మాత్రం ఈమె ఒక్కరే.

ఈ వంతు మా మేడం సొంతంగా పెట్టింది కాదు. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు, వాళ్ళలో ఒక టీచరు తప్పనిసరిగా, రుచి చూడాలని మధ్యాహ్న భోజనం మార్గదర్శకాల్లోనే ఉంది. విద్యాహక్కు చట్టం కూడా బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంటుంది, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలంటుంది. కాగితం మీద అన్ని బళ్ళకీ ఉన్నవే. మా దగ్గర ఆ కాగితం తల్లుల చేతికొచ్చింది.

నా మొదటి వంతు మంగళవారం, పులిహోర. వరండాలో స్టీలు పళ్ళెం ముందు కూర్చున్నాను. వంట ఆయమ్మ, నేను పిన్నీ అంటాను, గరిటె పట్టుకుని నా ముఖం వంకే చూస్తోంది. ఎదురుగా గోడ మీద లెక్క రాసుంది: ఒక్కో పిల్లకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. ఆ రోజు యాభై ఎనిమిది మంది వచ్చారు. అంటే 5 కిలోల 800 గ్రాముల బియ్యం. పిన్నికి గ్రాములతో పనిలేదు, ఏ డబ్బాతో ఎన్ని కొలవాలో చేతికే తెలుసు. మా ఇంట్లో నలుగురికి వండితేనే ఒక్కోసారి ఉప్పు తేడా వస్తుంది. అంతమందికి కట్టెల పొగలో వండిన ఆ పులిహోరలో పోపు శనగపప్పు ఇంకా కరకరలాడుతోంది. ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను. అప్పుడు అలాగే రాసేవాళ్ళం అందరం, ఒకటే మాట.

ఆ ‘బాగుంది’ గురించే ఇప్పుడు చెప్పాలి.

2023 ఫిబ్రవరి, మాఘమాసం పెళ్ళిళ్ళు. శుక్రవారం నా వంతు, తోటకూర పప్పు. సాయంత్రం నాలుగింటికి పెళ్ళికూతురి జాకెట్టు ఇవ్వాలి, ఇంకా చేతులు ఎక్కించలేదు. బడికి పోయేసరికి పిన్ని అన్నం వారుస్తోంది. "ఒక్క అయిదు నిమిషాలు కూర్చో అమ్మాయ్, పప్పు దించుతున్నా" అంది. కూర్చోలేదు. నిలబడే పుస్తకం తీసి ‘బాగుంది’ రాసి, సంతకం గీకి వచ్చేశాను. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా బాగోకుండా లేదు, ఈ ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

పాప సాయంత్రం వచ్చి బ్యాగు దించుతూ అడిగింది. "అమ్మా, ఇవాళ మా బడిలో తిన్నావా?"

"ఆఁ, తిన్నా."

"మరి నీకు మాడు వాసన రాలేదా?"

మిషన్ తొక్కుతున్న కాలు ఆగిపోయింది. పప్పు అడుగంటిందట. సగం మందికి పైగా పిల్లలు పప్పన్నం పళ్ళేల్లో వదిలేసి గుడ్డు మాత్రం తిని లేచిపోయారు. మా పాప చెప్పిన మిగతా మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. "మా అమ్మ తిని బాగుందని రాసింది, తినండి అని అందరికీ చెప్పా. ఎవరూ తినలా. నేను మాత్రం మొత్తం తినేశా."

ఆ రోజు పెద్ద మేడం మండలంలో మీటింగుకి పోయారు. రెండో టీచరు ఒక్కరే అయిదు తరగతులూ చూసుకుంటూ, పుస్తకంలో నా సంతకం చూసి వడ్డించమన్నారు. రుచి చూడాల్సిన అన్ని నోళ్ళకీ బదులుగా నా సంతకం నిలబడింది. ఆ సంతకం వెనక ఎవరూ లేరు.

రాత్రి నిద్ర పట్టలేదు. శనివారం పొద్దున్నే పోయి పెద్ద మేడంకి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె పుస్తకం తెచ్చి, పెన్ను నా చేతికిచ్చి, "కింద రాయమ్మా" అన్నారు. ‘నిన్న నేను తినకుండా సంతకం పెట్టాను. పప్పు అడుగంటింది’ అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఎవరు తిప్పినా కనపడుతుంది.

పిన్ని కూడా అక్కడే ఉంది. ఆమె అన్న మాట నాకు వంతు అంటే ఏంటో నేర్పింది. "నువ్వు కూర్చుని ఒక్క ముద్ద తిని చెప్పుంటే, కదపకుండా పైపప్పు వేరే గిన్నెలోకి తేర్చుకుని, ఇంత చింతపండు పులుసు పోసి మళ్ళీ తాలింపు పెడుదును గదమ్మా. పొగలో ఉండేదాన్ని, నా ముక్కుకి వాసన తెలవలా. గరిటెతో కలిపేశాను." అప్పటిదాకా ఆమె మీద కాపలాకి వస్తున్నాం అనుకున్నాను. నెలకి మూడు వేల గౌరవ వేతనంతో అంతమందికి వండే మనిషికి ఇంకో ముక్కు, ఇంకో నాలుక కావాలి. అందుకు పిలుస్తున్నారు మమ్మల్ని.

ఆ సోమవారం నుంచి పుస్తకంలో ‘బాగుంది’ అని రాయకూడదని మేడం పెట్టారు. ఏం తిన్నామో, ఏమనిపించిందో, ఏం చేశామో రాయాలి. అప్పటి నుంచి ఆ పుస్తకం చదవబుద్ధేసేలా తయారైంది. ‘ఉప్పు చాల్లేదు, కలిపించాం.’ ‘గుడ్లలో రెండు పాడైనవి, తీసేయించాం.’ ‘సాంబారు పల్చన, పిల్లలు గ్లాసుల్లో పోసుకుని తాగారు.’ వేలిముద్ర వేసే ఒక అత్త ఉంది. ఆమె చెప్తుంటే నాలుగో తరగతి పిల్ల రాస్తుంది. అందరి రాతల కన్నా ఆమెవే వివరంగా ఉంటాయి, ఏ కూరలో ఏం తగ్గిందో ఆమె నాలుకకి అంత బాగా తెలుసు.

బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని ఊళ్ళో గొడవ లేచినప్పుడు కూడా ఈ వంతే అక్కరకొచ్చింది. నలుగురు తల్లులు గిన్నెలో తెల్లటి గింజలు ఏరి తెచ్చారు. మేడం వాళ్ళని వరండాలో కూర్చోబెట్టి, అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తినవని, వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారని చెప్పారు. విడిగా ఉడకబెట్టి చూపించారు. ఆ నలుగురూ తిన్నారు. ఆ రోజు రాత అందులో ఒకావిడదే: ‘ప్లాస్టిక్ కాదు. మెత్తగా ఉడికింది.’

ఇంతవరకూ చదివితే మా బడిలో రోజూ ఒక తల్లి వస్తుందనిపిస్తుంది. నేనూ అందరికీ అలాగే చెప్తుంటాను. అది పూర్తి నిజం కాదు. మాది పల్నాడు, మిరప ఊరు. సంక్రాంతి దాటిందంటే ఏప్రిల్ దాకా ఆడవాళ్ళంతా చేలల్లోనే. మధ్యాహ్నం వంతుకి రావాలంటే పూట కూలి పోతుంది. ఆ నెలల పేజీలు తిప్పితే మూడు పేర్లే మళ్ళీ మళ్ళీ కనపడతాయి: అంగన్వాడీ దగ్గరుండే అక్క, కిరాణా కొట్టు వదిన, నేను. కొన్ని రోజులు ఖాళీ గళ్ళే. మీటింగులు కూడా పదకొండింటికి పెడతారు. మగవాళ్ళు రారు, కోతకి పోయేవాళ్ళు రాలేరు. సాయంత్రం ఆరింటికి పెట్టమని రెండుసార్లు అడిగాను. టీచర్లు బస్సు మీద వచ్చిపోయేవాళ్ళు, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. వంతు తప్పిన తల్లులని ఎవరూ ఏమీ అనరు కానీ, వాళ్ళే చిన్నబుచ్చుకుని బడి వైపు రావడం తగ్గించేస్తారు. ఇష్టంతో పిలిచిన పిలుపు కూలి మనిషికి బరువెలా అవుతుందో కళ్ళారా చూస్తున్నాను. ఇది నాకు బాధ.

వంట బిల్లులు ఆలస్యమైన నెలల్లో పిన్ని కూరగాయలు అప్పు తెచ్చి వండింది. రెండుసార్లు మేమే ఇంటికి ఒక సొరకాయ, పావుకిలో టమాటా చొప్పున ఇచ్చాం. సాయం చేశామని సంతోషమే. బిడ్డల అన్నం అలా నడవకూడదు.

ఈ అయిదేళ్ళలో ప్రభుత్వం మారింది, భోజనం పేరూ మారింది. గోరుముద్ద పోయి, గోదావరి లంకల్లో ఆకలన్న వాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరొచ్చింది. పిన్ని అదే పిన్ని. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, ఆ తేడా మాత్రం పుస్తకంలో స్పష్టంగా కనపడుతుంది. అన్నం ముద్దయిందన్న రాతలు బాగా తగ్గాయి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా పెట్టిన తల్లిదండ్రుల పెద్ద సమావేశం మా దగ్గరా జరిగింది. తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడు లాగుడు, పిల్లలతో కలిసి భోజనం. మా ఆయన మొదటిసారి ఆ రోజే బడిలో అడుగుపెట్టాడు, పాప పక్కన కూర్చుని తిన్నాడు. చాలా సంతోషపడ్డాను. కానీ పండగ రోజు వంట ఎవరైనా శ్రద్ధగానే చేస్తారు. నాకు ఏ సందడీ లేని మామూలు గురువారం మధ్యాహ్నాలే ముఖ్యం.

చదువు సంగతి ఒక ముక్క. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే తెలుగు ఉంటుంది కాబట్టి పదో తరగతి చదివిన నేను కూడా పక్కన కూర్చుని చెప్పగలిగాను. తెలుగు గడగడా చదువుతుంది, ఇంగ్లీషు పర్వాలేదు. భాగహారంలో వెనకబడింది. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చెప్పే చోట అది ఎవరి తప్పని అనను, కానీ ట్యూషన్ పెట్టాల్సి వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి మార్చినప్పుడు మాకు కిలోమీటరు లోపల హైస్కూలు లేక మా పిల్లలు ఇక్కడే మిగిలారు. లేకపోతే ఈ అనుభవం రెండేళ్ళతో ఆగిపోయేది.

మా చిన్నాడిని వచ్చే జూన్‌లో ఇక్కడే వేస్తున్నాం. నాకు కుదురుతుంది: ఇల్లు బడికి నాలుగిళ్ళ అవతల, పని ఇంట్లో మిషన్ మీద, అరగంట లేచి పోతే అడిగేవాళ్ళు లేరు. మా తోడికోడలు వాళ్ళ పిల్లాడిని కూడా చేర్చమంటావా అని మొన్న అడిగింది. వాళ్ళిద్దరూ తెల్లారి ఆరింటికే కోతకి ఆటో ఎక్కుతారు. చేర్చమని గట్టిగా చెప్పలేకపోయాను, వద్దనలేకపోయాను. చేరిస్తే కోతల రోజుల్లో నీ వంతు నేను చేస్తాను, బదులుగా వానాకాలంలో నా వంతు రెండుసార్లు నువ్వు చెయ్యి అన్నాను. ఆలోచించుకుని చెప్తానంది.