అలంపురంలో ఒక్క పూటే ఉంటే: నవబ్రహ్మలా, కూడవెల్లి సంగమేశ్వరుడా?

మా కర్నూలుకు చుట్టాలొస్తే తుంగభద్ర దాటించి అలంపురం తీసుకెళ్తాం, అక్కడ టైమ్ చాలక ప్రతిసారీ ఇదే గొడవ. నవబ్రహ్మలనే తొమ్మిది శివాలయాలు చూడాలా, కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి చూడాలా అని. రెండూ బాదామి చాళుక్యుల కాలానివే, 7వ శతాబ్దం అటూ ఇటూ.

నవబ్రహ్మల్లో పేరుకే బ్రహ్మ, లోపలుండేది శివలింగం. తారకబ్రహ్మ తప్ప మిగతా గుళ్లకు ఉత్తరాది పద్ధతి రేఖానాగర శిఖరాలు (వంపు తిరుగుతూ పైకి లేచేవి), పైన ఉసిరికాయలా గాడులున్న రాతి ఆమలకం. శిల్పం చూడాలంటే మాత్రం వినయాదిత్యుడి (681–696) నాటి స్వర్గబ్రహ్మ దగ్గరే ఆగండి, దిక్పాలకుల్ని చూస్తుంటేనే గంట గడిచిపోతుంది. పూజ చేయించాలంటే బాలబ్రహ్మకు వెళ్లాలి.

కూడవెల్లి గుడి ఒక్కటే, కానీ దాని కథ వేరు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు. ఎత్తైన అధిష్ఠానం (గుడి కింది రాతి పీఠం), గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు దారి, జనం తక్కువ. నది పక్కన లేని సంగమేశ్వరుణ్ణి చూస్తే నాకెందుకో కాస్త బాధేస్తుంది.

మొదటిసారి వచ్చేవాళ్లయితే నవబ్రహ్మలకే నా ఓటు. నన్నొక్కడినే వదిలేస్తే కూడవెల్లికే పోతా.