రెండంతస్తుల ఇంటికి ఆర్చర్ సీ6: యాంటెన్నాలు కాదు, పోర్టులు చూడండి

టీపీ లింక్ వైఫై రూటర్లు ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండింటి పెట్టెల మీదా ఏసీ1200 అనే ఉంటుంది. తేడా వెనకాల నెట్ వైరు గుచ్చే పోర్టుల్లో ఉంది. సీ50 పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, సీ6వి గిగాబిట్‌వి, అంటే 1000 ఎంబీపీఎస్‌వి. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని సీ50 పెడితే 95 దాటడం కష్టం. ఆపరేటర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా లాభం లేదు, తప్పు లైనుది కాదు. ప్లాన్ 100 లోపే అయితే మాత్రం సీ50 చాలు, సీ6కు ఎక్కువ పెట్టడం దండుగ.

రూటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో పంపుతుంది. 1200 అనేది 2.4లోని 300, 5లోని 867 ఎంబీపీఎస్ కలిపితే వచ్చే 1167ను పైకి సవరించి వేసిన లెక్క. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు. పెద్ద ప్లాన్ ఉంటే రూటరున్న అర్రలో 5 మీద 400 దాకా చూడొచ్చు.

అసలు చిక్కు గోడలతోనే. మన దిక్కు పాత ఇండ్ల రాతిగోడ ఒక్కటి అడ్డమొస్తేనే 5 గిగాహెర్ట్జ్ నీరసపడుతుంది, రెండోది దాటదు. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి కాబట్టి పై అంతస్తుకూ అదే గతి. సీ6 అయినా ఇంతే, ఎన్ని యాంటెన్నాలున్నా ఇంతే. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొనకండి. చవకవి అందుకున్న రేడియోతోనే మళ్లీ పంపుతాయి, వేగం సగానికి పడిపోతుంది. ఆ డబ్బుతో పైకి క్యాట్6 నెట్ వైరు లాగించి, సీ6ను పైన పెట్టడం మేలు.

ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ డబ్బాలోనే వైఫై ఉంటే, సీ6లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ఆపరేషన్ మోడ్‌ను యాక్సెస్ పాయింట్‌గా (వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం వరకే) మార్చండి. అట్లా చేయకపోతే రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి పనిచేసి, బయటి నుంచి సీసీ కెమెరా చూడటం దగ్గర ఇబ్బంది పెడతాయి. కేబుల్ ఆపరేటర్ నేరుగా ల్యాన్ వైరే ఇచ్చినచోట నెట్ లాగిన్‌కు వాడే పీపీపీఓఈ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ముందే అడిగి రాసుకోండి. అవి సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాలేదంటే పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌కు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) లైను కట్టేసి ఉండొచ్చు. ఆ అడ్రస్‌నే సీ6లో క్లోన్ చేస్తే, అంటే కాపీ చేసి పెడితే సరిపోతుంది.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టే స్మార్ట్ కనెక్ట్‌ను ఆపేసి, రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. వైఫై కెమెరాలు, బోరు మోటారుకు బిగించే స్విచ్చుల్లో ఎక్కువ భాగం 2.4 మాత్రమే పట్టుకుంటాయి. ఇండ్లు దగ్గరదగ్గరగా ఉన్న గల్లీలో 2.4ను 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. స్పీడ్ కొంచెం తగ్గినా మాటిమాటికీ తెగిపోదు.

ఇనుప బీరువా మీద, టీవీ వెనక, తలుపులున్న అల్మారాలో రూటర్ పెట్టొద్దు. మన ఎండాకాలంలో గాలి ఆడకపోతే వేడెక్కి తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది.

కరెంటు కోతలకు మినీ యూపీఎస్ కొనేటప్పుడు ఫైబర్ డబ్బా, రూటర్ రెండింటి అడాప్టర్ల మీదున్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. యూపీఎస్ ఇచ్చే వోల్టులు ఆ అడాప్టర్లతో సమానంగా ఉండాలి, ఆంపియర్లు రెండింటివీ కలిపినంత అయినా ఉండాలి. రూటర్ ఒక్కదానికే పెడితే ఫోనులో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది కానీ నెట్ రాదు.

సీ6లో యూఎస్‌బీ పోర్టు లేదు, హార్డ్ డిస్క్ తగిలించాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చేముందు అడుగున స్టిక్కర్ మీదున్న వెర్షన్ చూసి, సరిగ్గా దానిదే ఎక్కించండి. వేరే వెర్షన్‌ది ఎక్కిస్తే రూటర్ మళ్లీ లేవకపోవచ్చు.